పాత కుండీ మట్టిని పారబోయకండి

మిద్దెతోట ఉన్న ఇళ్లలో ఏటా ఎండాకాలం చివర ఒక తంతు నడుస్తుంటుంది. రెండు మూడు కాపులు ఇచ్చిన టమాటా, వంకాయ, బెండ మొక్కలను పీకేస్తారు. 'ఈ మట్టిలో ఇక సత్తువ లేదు' అంటూ కుండీలనూ గ్రో బ్యాగులనూ దులిపి, మట్టిని బస్తాలకెత్తి మోరీ పక్కనో ఖాళీ ప్లాటులోనో పారబోస్తారు. వానలు దగ్గర పడగానే ట్రాక్టరు ఎర్రమట్టికి బేరం పెడతారు. గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూలులోనైనా ఆ ఎర్రమట్టి ఊరికే రాదు. ఏదో ఊరి చలక చేను పైపొరో, గుట్ట వారనున్న నేలో తవ్వితేనే వస్తుంది. గ్రానైటు, నైస్ రాళ్లు శిథిలమై ఏర్పడిన మట్టి అది. ఒక్క సెంటీమీటరు మందం తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది. అలాంటి దాన్ని మూడు కాపులకే పారబోయడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. పైగా అది అవసరం లేని పని.

ఆ మట్టిలోంచి నిజంగా పోయిందెంతో లెక్క వేసి చూద్దాం. టన్ను టమాటా పండటానికి మొక్కలు నేల నుంచి సుమారు రెండున్నర నుంచి 3 కిలోల నత్రజని తీసుకుంటాయి. ఒక కుండీలో 3 కిలోల కాయ తెంపారంటే మట్టిలోంచి బయటికి వెళ్లిన నత్రజని 8, 9 గ్రాములు. పొటాష్ ఇంకొంచెం ఎక్కువ, భాస్వరం బాగా తక్కువ. 20 లీటర్ల బకెట్లో పట్టే మట్టి పాతిక కిలోలకు పైమాటే. అందులో మొక్క తిన్నది గుప్పెడు కూడా లేదు. ఇసుక, ఒండ్రు, బంకమట్టి రేణువులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

మరి మట్టి ఎందుకు మొరాయిస్తుంది? ఒక పాత గ్రో బ్యాగును బోర్లించి చూడండి. పైన తెల్లటి పొక్కు కట్టి ఉంటుంది. అంచు వెంట వేళ్లు అల్లుకుపోయి ఉంటాయి. నడిమి మట్టి గడ్డకట్టి, చిదిపితే పలుకులుగా విరుగుతుంది. ఇలాంటి బ్యాగులో నీళ్లు పోస్తే మట్టికీ సంచికీ మధ్య సందులోంచి జారి, అడుగు రంధ్రం గుండా బయటికి పోతాయి. మట్టి తడిసినట్టే కనిపిస్తుంది, లోపల మాత్రం పొడిగానే ఉంటుంది. ఇది పోషకాల కొరత ఒక్కటే కాదు. మట్టి కట్టు తప్పింది.

ఆ కట్టు నిలిపేది సేంద్రియ కర్బనం. శిలీంధ్రాల సన్నటి పోగులు, బ్యాక్టీరియా విడిచే జిగురు కలిసి రేణువులను చిన్న చిన్న గుళికలుగా పట్టి ఉంచుతాయి. గుళికల మధ్య ఖాళీల్లో గాలి ఆడుతుంది, గుళికల లోపల తడి నిలుస్తుంది. గ్రాము మంచి మట్టిలో కోట్ల సంఖ్యలో ఉండే సూక్ష్మజీవులకు తిండి ఈ కర్బనమే. వాటికి కొత్త తిండి అందకపోతే ఉన్నదాన్ని తినేసి, బొగ్గుపులుసు వాయువుగా గాల్లోకి వదిలేస్తాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ తినే వేగం దాదాపు రెట్టింపవుతుంది. పాలమూరు ఎండలో కాంక్రీటు స్లాబు మీద, నల్ల ప్లాస్టిక్ సంచిలో ఉన్న మట్టి గతి ఏమిటో ఊహించుకోవచ్చు. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం అర శాతం కంటే తగ్గితే 'తక్కువ' అనీ, ముప్పావు శాతం దాటితే 'ఎక్కువ' అనీ రాస్తారు. మన చలక నేలల్లో చాలావాటికి చేనులోనే 'తక్కువ' అని వస్తుంది. కుండీలో అది ఇంకా తొందరగా అడుగంటుతుంది.

పాత మట్టినే మళ్లీ మళ్లీ వాడుకునే పద్ధతి మీద ఈ మధ్య ప్రపంచమంతా ఆసక్తి పెరిగింది. అందులో ఒక పాయ అమెరికాలో గంజాయి పెంపకానికి చట్టం ఒప్పుకున్న రాష్ట్రాల నుంచి వచ్చింది. ఇళ్ల లోపల దీపాల కింద పెంచేవాళ్లు ప్రతి కాపుకూ కొత్త మట్టి కొనలేక, పాత మట్టికే కంపోస్టు, పిండి ఎరువులు, వానపాములు చేర్చి ఏళ్ల తరబడి నడిపించారు. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచడం నేరం. గంజాయి ఎన్ని ఇళ్లను గుల్ల చేస్తోందో మనం చూస్తూనే ఉన్నాం. మనకు ఆ మొక్కతో పని లేదు. మట్టి సంగతి మాత్రం టమాటాకైనా, తోటకూరకైనా, మల్లెకైనా ఒకటే. పైగా ఇది విదేశాల నుంచి నేర్చుకోవలసిన విద్య కాదు. సర్ ఆల్బర్ట్ హోవర్డ్ 1924 నుంచి 1931 దాకా ఇండోరులో పనిచేసి, మన రైతులను చూసి నేర్చుకున్నదానికి చైనా పద్ధతులను జోడించి రూపొందించిందే ఇండోర్ కంపోస్టు పద్ధతి. తర్వాత సేంద్రియ వ్యవసాయమని లోకమంతా చెప్పుకున్నదానికి అదొక పునాది.

మన ప్రాంతానికే వస్తే రెండు పాత అలవాట్లు చెప్పుకోవాలి. మొదటిది గొర్ల మంద. పంట కోశాక రైతు గొల్ల కురుమలతో మాట్లాడుకుని, ఇన్ని రాత్రులకని పైసలో గింజలో ఇచ్చి చేనులో మంద పెట్టిస్తాడు. పగలు గుట్టల మీదా బీళ్ల మీదా మేసిన గడ్డి, ఆకు, రాత్రి ఈ చేనులో పెంటికలుగా, మూత్రంగా దిగుతుంది. ఊరి చుట్టూ చెదిరి ఉన్న పోషకాలను ఒకచోటికి చేర్చే పని గొర్రె చేస్తోందన్నమాట. ఎండిన గొర్రె ఎరువులో సుమారు 3 శాతం నత్రజని, 1 శాతం భాస్వరం, 2 శాతం పొటాష్ ఉంటాయి. మామూలు పశువుల పెంటలో నత్రజని అర శాతమే. రాత్రి మంద నిలిచిన నేలకు దక్కే మూత్రం అదనం. తట్టకెత్తి మోసుకొచ్చే ఎరువులో అది దొరకదు.

రెండోది చెరువు మట్టి. వనపర్తి సంస్థానం నాటి శ్రీరంగాపురం రంగసముద్రమైనా, నాగర్‌కర్నూలు కేసరి సముద్రమైనా, ఊరూరి చిన్న కుంటైనా, ఎగువ చేలను కడిగిన వాన నీటితోనే నిండుతుంది. ఆ నీటితో పాటు చేను పైపొరలోని సన్నటి బంకమట్టి, ఆకు చెత్త వచ్చి అడుగున పేరుకుంటాయి. మిషన్ కాకతీయ కింద 2015 నుంచి చెరువుల్లో పూడిక తీసినప్పుడు రైతులు ట్రాక్టర్లు పెట్టుకుని ఆ మట్టిని చేలకు తోలుకున్నారు. చేనులోంచి కొట్టుకుపోయిన మట్టి తిరిగి చేను చేరడం కంటే మంచి పునర్వినియోగం ఏముంటుంది? ఇసుకపాలు ఎక్కువగా ఉన్న చలకలో అది కలిస్తే నేల తడి పట్టి ఉంచుతుంది. రాష్ట్రంలో వాన తక్కువగా పడే గద్వాల వైపు ఒక్క తడి ఆదా అయినా పంటకు అది ప్రాణమే.

మిద్దె మీద చేయవలసింది ఈ రెండు పనులనే చిన్న కొలతలో చేయడం. అయితే కుండీకి చేనుకు లేని చిక్కులు రెండున్నాయి. ఎరువు కలిపే ముందే వాటి సంగతి చూడాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు.

మొదటి చిక్కు ఉప్పు. బోరు నీళ్ల టీడీఎస్ ఇప్పుడు వాటర్ ప్లాంట్ల పుణ్యమా అని అందరికీ తెలుసు. వెయ్యి టీడీఎస్ అంటే లీటరు నీటిలో ఒక గ్రాము కరిగిన లవణాలు. రోజుకు 2 లీటర్ల చొప్పున 90 రోజులు పోస్తే కుండీలోకి వెళ్లేది 180 గ్రాములు. నీటిని మొక్క తాగుతుంది, ఎండ లాగేస్తుంది. లవణాల్లో ఎక్కువ భాగం మాత్రం మట్టిలోనే మిగిలిపోతుంది, బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర మిగిలినట్టు. ఉప్పు పెరిగిన మట్టిలో నీళ్లున్నా వేరు పీల్చుకోలేదు. ఆకుల అంచులు మాడుతుంటే ఎరువు చాలలేదనుకుని ఇంకో గుప్పెడు వేస్తాం. అది ఉప్పుకు ఉప్పు తోడవడమే.

రెండో చిక్కు రోగం. పీకిన వంకాయ, బెండ, టమాటా వేళ్లను నీళ్లలో జాడించి చూడండి. వేళ్ల మీద పూసల్లాంటి బుడిపెలుంటే అవి నులిపురుగుల ఇళ్లు. కంటికి కనిపించని ఈ పురుగులు వేరులో దూరి, అక్కడి కణాలను ఉబ్బించి, వాటి రసం మీద బతుకుతాయి. పప్పుజాతి మొక్కల వేళ్ల బుడిపెలతో వీటిని పొరబడకండి. అలసంద, పల్లి వేళ్ల బుడిపెలు వేరుకు పక్కన అతికినట్టుంటాయి, గోటితో గీకితే ఊడతాయి, చిదిపితే లోపల గులాబీ రంగుంటుంది. అవి గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే బ్యాక్టీరియా నిలయాలు, వాటిని మట్టిలోనే ఉంచాలి. నులిపురుగు బుడిపె మాత్రం వేరే ఉబ్బి తయారవుతుంది, గీకితే ఊడదు. అలాంటి వేళ్లను ఏరి కాల్చేయాలి.

రోగానికి మందు మన నెత్తి మీదే ఉంది. 1976లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త జాకోవ్ కటాన్ బృందం ఒక పద్ధతిని లోకానికి చెప్పింది. తడిపిన నేల మీద పారదర్శకమైన పాలిథిన్ పరిచి, అంచులు మూసి, వేసవి ఎండకు వదిలేస్తే చాలు. ఎండ లోపలికి పోతుంది, వేడి బయటికి రాదు. పై పొరల్లో వేడి 45 డిగ్రీలు దాటి, ఎండు తెగులు కలిగించే శిలీంధ్రాలు, నులిపురుగుల గుడ్లు, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. చేనులోనైతే నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. మిద్దె మీద జానెడు మందాన పరిచిన మట్టి అడుగు నుంచీ పైనుంచీ కాగుతుంది కాబట్టి ఇంకా బాగా పనిచేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో గద్వాల మిద్దె మీద కాసే ఎండను ఇంతకంటే మంచిగా వాడుకునే దారి నాకు తెలియదు. రెండు సంగతులు మరవకూడదు. కవరు తెల్లగా, పారదర్శకంగా ఉండాలి. నల్ల కవరు ఎండను తానే పీల్చుకుంటుంది, మట్టి అంతగా వేడెక్కదు. మట్టి తడిగా ఉండాలి. పొడి మట్టిలో వేడి లోతుకు దిగదు, నిద్రావస్థలో ఉన్న రోగకారకాలు పొడి వేడిని తట్టుకుంటాయి కూడా.

ఈ వేడికి మంచి సూక్ష్మజీవులు కూడా కొన్ని పోతాయి. అయితే వేడిని ఓర్చుకునే బాసిల్లస్ జాతులు మిగులుతాయి, మిగతావి తర్వాత వేసే ఎరువుతో తిరిగి వస్తాయి. ఎండాకాలం దాటిపోయిందంటే ఆ కుండీల్లో వానాకాలం బంతి వేయండి. బంతి వేళ్లు విడిచే రసాయనాలు నులిపురుగులను అణుస్తాయి. బతుకమ్మ నాటికి పూలూ చేతికొస్తాయి.

ఎండపెట్టాక కడగాలి. మట్టిని తిరిగి కుండీకెత్తి, ఎంత మట్టి ఉందో అంత నీరు దాని గుండా నెమ్మదిగా దిగేలా పోస్తే ఉప్పులో పెద్ద భాగం అడుగు రంధ్రం గుండా వెళ్లిపోతుంది. 20 లీటర్ల మట్టికి 20 లీటర్ల నీరు. బోరు నీటితో కడిగితే ఫలితం అంతంత మాత్రమే. భగీరథ నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లైతే మేలు, వాన నీళ్లు అన్నిటికంటే మేలు. మృగశిర వానలకు కుండీలను చూరు కింద దాచకుండా ఆరుబయట పెట్టండి. ఎరువు కలపక ముందే కడగమనడానికి కారణముంది. నత్రజని చివరికి మారే నైట్రేటు రూపం నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది. ముందు ఎరువు వేసి తర్వాత కడిగితే కొన్న ఎరువు మోరీ పాలవుతుంది.

ఇప్పుడు తిండి. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు మూడూ పల్లి పండే ప్రాంతాలే. ఈ అదృష్టం అన్ని ఊళ్లకూ లేదు. నూనె తీయగా మిగిలిన పల్లి చెక్కలో నత్రజని 7 శాతం దాకా ఉంటుంది. వేప పిండిలో సుమారు 5, ఆముదం పిండిలో 4 శాతానికి పైగా. 3 కిలోల టమాటా తీసుకెళ్లిన 9 గ్రాముల నత్రజనిని భర్తీ చేయడానికి 130 గ్రాముల పల్లి చెక్క చాలన్నమాట. ఆముదం పిండి చవకే కానీ అందులో రిసిన్ అనే విషం ఉంటుంది. కుక్కలు, మేకలు, కోళ్లు తిరిగే ఇంట్లో దాన్ని వాడవద్దనే చెబుతాను.

పల్లి పొట్టు సంగతి వేరు. అది ఎక్కువగా బట్టీల్లో, బాయిలర్లలో కాలిపోతుంది. తేలికగా ఉండి మట్టిని గుల్లపరుస్తుంది. మిద్దె మీద బరువు కూడా ఆలోచించాలి కదా. మనుషులు తిరిగే చదును పైకప్పుకు భారతీయ ప్రమాణాల సంస్థ లెక్కలో పెట్టుకోమన్న అదనపు భారం చదరపు మీటరుకు 150 కిలోలే. పొట్టు మంచిదే కానీ పచ్చిగా కలపకూడదు. దానిలో కర్బనం మరీ ఎక్కువ, నత్రజని తక్కువ. సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెట్టడానికి కావలసిన నత్రజనిని మట్టిలోంచే లాక్కుంటాయి, మొక్క పసుపుబారుతుంది. పొట్టుతో పాటు కాండం కుళ్లు తెగులు శిలీంధ్రమూ రావచ్చు. అందుకే పేడ నీళ్లు చల్లి, కుప్ప పోసి, మూడు నాలుగు నెలలు మాగనివ్వాలి. కుప్ప నడుమ పుట్టే వేడి తెగులు శిలీంధ్రాన్ని చంపుతుంది. పొట్టు బూజు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మూతికి గుడ్డ కట్టుకుని తిప్పండి.

నా లెక్కలో పాళ్లు ఇవి. కడిగి ఆరిన పాత మట్టి పది తట్టలైతే, బాగా మాగిన పశువుల పెంట మూడు తట్టలు. గొర్రె ఎరువైతే ఒకటిన్నర తట్ట చాలు, అది ఘాటు ఎక్కువ. మాగిన పొట్టు ఒకటి రెండు తట్టలు. చెరువు మట్టి ఒక్క తట్టకు మించొద్దు. చేనుకు అది వరమే కానీ కుండీలో ఎక్కువైతే బంకమట్టి రంధ్రాలను మూసి వేళ్లకు గాలి ఆడనివ్వదు. పట్టణపు మురుగు కలిసే చెరువు మట్టి అసలే వద్దు. 20 లీటర్ల మట్టికి 100 గ్రాముల పల్లి చెక్కో, 150 గ్రాముల వేప పిండో నలిపి కలపండి. కట్టెల బూడిద పొటాష్ ఇస్తుంది, కానీ క్షారం పెంచుతుంది. బోరు నీళ్లు పోసిన మట్టికి వేయకపోవడమే మంచిది.

కలిపిన రోజే నారు పెట్టారో, నారు మాడుతుంది. చెక్కలోని మాంసకృత్తులను సూక్ష్మజీవులు విడగొట్టేటప్పుడు మొదట అమ్మోనియా పుడుతుంది, కుప్ప వెచ్చబడుతుంది. అమ్మోనియా లేత వేళ్లకు విషం. తర్వాత నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ వంటి బ్యాక్టీరియా వచ్చి దాన్ని మెట్టుమెట్టుగా నైట్రేటుగా మారుస్తాయి. మొక్కకు అందే భోజనం అదే. ఈ వంట పూర్తి కావడానికి మూడు వారాలివ్వండి. కుప్పను నీడలో, గోనెపట్టా కప్పి ఉంచండి, వారానికోసారి తిరగేయండి. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కావాలి, చుక్క కారకూడదు. మొదట్లో ముక్కు మండే వాసన ఉంటుంది. పూర్తయ్యాక తొలకరి తడికి నేల నుంచి వచ్చే కమ్మటి వాసన వస్తుంది. స్ట్రెప్టోమైసిస్ వంటి సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం వల్ల వచ్చే వాసన అది. నమ్మకం కుదరకపోతే ఒక గిన్నెలో ఈ మట్టి పోసి మెంతులు చల్లండి. నాలుగైదు రోజుల్లో మొలకలు పచ్చగా లేస్తే మట్టి సిద్ధం. తలలు వాల్చేస్తే ఇంకో వారం ఆగండి.

రోహిణి ఎండలకు కాచి, మృగశిర వానలకు కడిగి, ఆరుద్రలో కలిపితే పునర్వసు దాటేసరికి నారు పెట్టుకోవచ్చు. ఆ తర్వాత ప్రతి కాపుకూ ఇదంతా అక్కర్లేదు. రోగం లేని మొక్కను వేళ్లతో సహా పీకకుండా మొదలు దగ్గర కోసేయండి. వేళ్లు లోపలే కుళ్లి, గాలికీ నీటికీ సన్నటి దారులు మిగులుస్తాయి. ఆ కుండీలో తర్వాతి కాపుగా అలసందో గోరుచిక్కుడో వేయండి. పైన ఎండుటాకులు కప్పి ఉంచండి, కాపుకోసారి గుప్పెడు చెక్క, రెండు గుప్పెళ్ల ఎరువు వేయండి. ఇలా సాగుతున్న మట్టి ఏళ్లు గడిచేకొద్దీ మెరుగవుతుంది.

మట్టి పరీక్ష రైతులకే అనుకోవద్దు. నాగర్‌కర్నూలు జిల్లా పాలెంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన స్థానం, వనపర్తి జిల్లా మదనాపురంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. నాలుగైదు కుండీల నుంచి కొంచెం కొంచెం తీసి, నీడలో ఆరబెట్టిన అర కిలో మట్టిని పట్టుకెళ్లి అడగండి. ఉదజని సూచిక ఆరున్నర, ఏడున్నర మధ్య ఉండి, లవణ సూచిక 1 లోపు ఉంటే మీ మట్టికి ఏ లోటూ లేదు. లవణ సూచిక అంతకు మించితే ఇంకోసారి కడగండి. సిమెంటు రద్దు, పెయింటు, ఇంజను ఆయిలు, మురుగు కలిసిన మట్టిని మాత్రం కూరగాయలకు వాడకండి. మిగతా ఏ మట్టినీ మిద్దె దించవలసిన పని లేదు.